జీపు పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

పలాస-కాశీబుగ్గ షెడ్లలో, టెక్కలి టైరు కొట్లలో వచనంగా నిత్యం నలిగే ఒక శాస్త్రాన్ని ఈ వ్యాఖ్యాతే ఆటవెలదిలోకి బిగించాడు. తన పద్యానికి తానే వ్యాఖ్య రాసుకుంటే దాన్ని పెద్దలు స్వోపజ్ఞ వ్యాఖ్య అన్నారు. ఇంకెవరూ ముందుకు రాకపోవడమే ఇందుకు ముఖ్య హేతువు. మెదక్ సీమ కొల్చారం వాడైన మల్లినాథసూరి మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టి కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ఈ వ్యాఖ్యాత అలాంటి మాట ఇవ్వలేడు. పాత జీపు గురించి మొదలుపెట్టి అక్కర్లేనిది చెప్పకుండా లేచినవాడు ఉద్దానంలో ఇంకా పుట్టలేదు.

మూలం

గాలి తగ్గ నిసుక గాలించు జీపులు
కట్ట పెంచ నెత్తు కలుగు నిజము
ఎత్తు పెరుగ ఖర్చు లెదురౌను వరుసగా
ఉప్పు గాలి తుప్పు నూరకిచ్చు

ప్రతిపదార్థం

గాలి = టైరులోని గాలి; తగ్గన్ = తగ్గగా (మనం తగ్గించగా అని గ్రహించాలి, దానంతటది తగ్గితే పంక్చరు); ఇసుకన్ = ఇసుక నేలను; గాలించు = కలయదిరుగును; జీపులు = ముందు వ్యాఖ్యలో చూడండి; కట్ట = కమాను కట్ట; పెంచన్ = పెంచగా; ఎత్తు = నేలకూ బండికీ నడుమ ఎడము; కలుగున్, నిజము = కలుగును, కాదనం; ఎత్తు పెరుగన్ = అట్లు పెరుగుట చేత; ఖర్చులు = టీక అనవసరం; వరుసగా = ఒకదాని వెనక ఒకటి; ఎదురౌను = మనం వెతక్కుండానే వచ్చి నిలుచును; ఉప్పు గాలి = సముద్రం మీంచీ నౌపడ ఉప్పు మళ్ల మీంచీ వీచే గాలి; తుప్పున్ = తుప్పును; ఊరకన్ = పైసా అడగకుండా; ఇచ్చున్ = ఇచ్చును.

వ్యాఖ్య

‘జీపులు’ అన్న బహువచనంతో విల్లీస్ వంశపు మహీంద్రాలన్నీ వచ్చి చేరాయి. పెజో డీజిల్ ఇంజను మోసే ఎమ్మెమ్ 540 వీటిలో నాయకుడు. 1985లో పుట్టిన మారుతి జిప్సీని ఉపలక్షణంగా కలుపుకోవచ్చు. టూ వీల్ డ్రైవ్ బొలేరో మాత్రం ఈ శాస్త్రానికి అధికారి కాదు.

ఇక్కడొక శంక. ఫోర్ వీల్ లీవరు ఊసు పద్యంలో లేదేమి? ఉండాల్సింది ఉండనే ఉంటుందని కవి నమ్మకం. ఆ నమ్మకం తరచు చెడుతుంది. సర్వీసుకు తిరిగిన పాత జీపుల్లో మైలేజీ కోసం ముందు షాఫ్టు ఊడదీసి అటకెక్కించడం మామూలే. లీవరు లాగితే కదులుతుంది, ముందు చక్రాలకు కబురు అందదు. కనుక కొత్త సరుకు ఏదైనా కొనేలోపు చేయాల్సిన పని, ఊడదీసినదాన్ని వెతికి తిరిగి బిగించడం. లో గేరు పడుతోందా లేదా అన్నది కూడా అప్పుడే తేలుతుంది. ఆ గేరులో చక్రానికి అందే బలం దాదాపు రెండున్నర రెట్లవుతుంది. అది కంపెనీ ఏనాడో ఇచ్చేసింది, కొత్తగా కొనక్కర్లేదు.

మొదటి పాదమే పద్యానికి ప్రాణం. వజ్రపుకొత్తూరు, కవిటి వైపు జీడి, సరుగుడు తోటలు దాటితే అంతా ఇసుకే. ఇసుకలో బండి దిగబడేది ఒక్క బరువు వల్లనే కాదు, ఆ బరువు ఎంత చోటు మీద పడుతోందన్న లెక్క వల్ల. 30 పాయింట్ల గాలితో బిగిసిన టైరు అరచేతంత చోటు మీద నిలుచుని లోపలికి దిగుతుంది. 15కి దించితే నేలను తాకే భాగం ఇంచుమించు రెట్టింపు. అడ్డంగా ఉబ్బేది కొంచెమే, ముందుకూ వెనక్కూ సాగేదే ఎక్కువ. ఇందుకు కావలసిన పనిముట్టు, వాల్వు పిన్ను నొక్కడానికి ఒక పుల్ల. ఇంత చవకైన మార్పు మోటారు శాస్త్రంలో మరొకటి లేదు. చవక గనుకే ఎవరూ నమ్మరు. ఆక్సిల్ ఇసుక మీద కూర్చునేదాకా చక్రం తిప్పుతూనే ఉంటారు. చుట్టూ చేరిన వాళ్లలో ఒకరైనా అంటారు: “ఏటి బాబూ, అలా రేసిచ్చీకు, గాలి తీసీ!” మన తొలి పాదం ఆ మాటకు ఛందోరూపం, అంతే.

నిషేధాలు కూడా ఉన్నాయి. 12కి కిందకి దించి బండిని గట్టిగా తిప్పితే టైరు అంచు రిమ్మును వదిలేస్తుంది. తగ్గించిన గాలితోనే పదహారో నంబరు జాతీయ రహదారి ఎక్కితే టైరు పక్కలు కాగి పగులుతాయి. అందుచేత గాలి తీసే పుల్లతో పాటు గాలి పట్టే పంపూ బండిలో ఉండి తీరాలి. చలికాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఈ తీరంలో గుడ్లు పెడతాయి గనుక, ‘ఇసుక’ అన్నచోట తోటల వెనక బాటల ఇసుకనే అర్థం చేసుకోవాలి. అలల పక్క ఇసుక కవి ఉద్దేశం కాదు.

పూర్వపక్షం: ఈ సూత్రం నౌపడలో చెల్లదు. ఉప్పు మళ్ల నుంచి తేలినీలాపురం చిత్తడి దాకా నేల పైన పెళుసుగా ఎండి, లోపల జిగటగా ఉంటుంది. అక్కడ టైరుకు లోతైన పళ్లు కావాలి. ఆ పళ్లే ఇసుకలోకి వెళితే గొయ్యి తవ్వుతాయి. సిద్ధాంతం: ఒకే పూట ఇసుకా బురదా రెండూ తగిలే చోట ఏ టైరు కొన్నా సగం తప్పే. మధ్యరకం పళ్లవి కొని, బురద రాగానే దిగి నడవడం మేలు. పెలికాన్లు గూడు కట్టుకునే తేలినీలాపురంలో జీపుకు పనేముంది?

రెండో పాదం. ఈ వంశపు జీపుల్లో కమాను కట్ట ఆక్సిల్ కింద వేలాడుతుంది. దాన్ని ఆక్సిల్ మీదకు ఎక్కించి వెల్డింగ్ చేస్తే బండి నాలుగైదు అంగుళాలు లేస్తుంది. ‘నిజము’ అని కవి ఒప్పుకున్నది ఇంతవరకే. లేచింది చాసిస్, బాడీ. ఆక్సిల్ నడుమ క్రౌన్, పినియన్ కూర్చునే ఉబ్బు ఎక్కడిదక్కడే ఉంది, రాయి తగిలేది దానికే. పంచె ఎగగట్టినంత మాత్రాన పాదాలు బురదలోంచి పైకి రావు. ఆ ఉబ్బును పైకి లేపగలిగేది పెద్ద టైరు ఒక్కటే, అదీ రెండంగుళాలు పెద్దది వేస్తే ఒక అంగుళం.

మూడో పాదంలో కారణమాలాలంకారం. ముందుది వెనకదానికి కారణమవుతూ పోతే ఆ అలంకారం. బండి లేస్తే షాఫ్టు వాలు పెరుగుతుంది, వాలు పెరిగితే క్రాసులు అరుగుతాయి. స్టీరింగ్ రాడ్డు వంకరపడి, గుంత తగిలినప్పుడల్లా చక్రం తన దారి తాను చూసుకుంటుంది. బ్రేకు గొట్టాలు పొట్టివవుతాయి. పెద్ద టైరు వేస్తే గేరు బరువెక్కి పెజో ఇంజను రొప్పుతుంది, పాత డ్రమ్ము బ్రేకులకు చక్రం లొంగదు, స్పీడోమీటరు ఉన్న వేగం కంటే తక్కువ చూపిస్తుంది. ఒక చక్రం గాల్లోకి లేస్తే బలమంతా అందులోనే వృథా అవుతుందని లాకరు పెట్టిస్తారు. అప్పుడు విరగడానికి ఆక్సిల్ షాఫ్టు వంతు వస్తుంది. నీళ్లలోకి దిగే ఉత్సాహంతో ఇంజను ఊపిరి గొట్టాన్ని పైకప్పు దాకా ఎక్కించేవారున్నారు. ఇంజనులో నీళ్లు పడితే కనెక్టింగ్ రాడ్లు వంగుతాయన్నది నిజమే. అయితే వేడెక్కిన ఆక్సిల్ హౌసింగ్ చల్లనీళ్లలో మునిగి సీళ్ల గుండా ఉప్పునీరు పీల్చుకోవడాన్ని ఆ గొట్టం ఆపదు. క్రౌన్ ఆయిలు పాలు కలిపిన రంగుకు తిరిగినప్పుడు గానీ ఈ సంగతి తెలియదు.

ఆ వరుసలో ప్రభుత్వమూ ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు చెప్పిన వివరాలకూ రిజిస్ట్రేషన్ కాగితానికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏటి సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ అంటుంది. ముందు బిగించే ఇనుప కమ్మీల మీద కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. చట్టాన్ని అడగకుండా బండి కొలతలు మార్చుకున్నది నౌపడలో రైలు ఒక్కటే: 1900లో రెండున్నర అడుగుల పట్టాల మీద పర్లాకిమిడికి బయల్దేరిన లైటు రైల్వే 2011కి బ్రాడ్‌గేజ్ అయింది. దానికి డబ్బు పెట్టింది మనం కాదు.

‘ఇన్ని పెట్టించింది తుఫాను నాటికి పనికొస్తాయనే’ అని కొందరి వాదం. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి చెట్లు దారులకు అడ్డంగా కూలాయి. కూలిన కొబ్బరిచెట్టు ముందు లాకరు ఏం చేస్తుంది? బండిలో ఉండాల్సింది రంపం, మోకు, పార.

నాలుగో పాదానికి వ్యాఖ్య చిన్నది, సంగతి పెద్దది. ఇక్కడ చాసిస్ పెట్టె కమ్మీల్లోకి ఇసుక చేరుతుంది, ఇసుకలో ఉప్పు, ఉప్పు పీల్చే తేమ. పైన రంగు నిగనిగలాడుతుంటుంది, తుప్పు లోపలి నుంచి తింటుంది. కమాను బిగించే షాకిల్ చోట్లు ముందు పోతాయి. తీరం నుంచి వచ్చిన రోజే బావి నీళ్లతో, బోరు నీళ్లతో అడుగుభాగం కడిగించి, ఆరాక వాడేసిన నూనె పూయించే పాత డ్రైవర్ల పద్ధతిని మించింది ఇంకా రాలేదు. ఆ నూనె బ్రేకు డ్రమ్ములకూ రబ్బరు గొట్టాలకూ తగలనివ్వకూడదు, నేల మీదకూ బావి వైపుకూ కారనివ్వకూడదు.

తాత్పర్యం

గాలి తీయి, షాఫ్టు బిగించు, అడుగు కడుగు. మిగిలినవి సరదాకు, సరదా అని ఒప్పుకుని చేయించుకో.

విశేషాంశాలు

ఛందస్సు ఆటవెలది. ‘ఎత్తు – లెదురౌను’ స్వరయతి. పాఠాంతరం: కొందరు మెకానిక్కులు రెండో పాదంలో ‘ఎత్తు’కు బదులు ‘బిల్లు’ అంటారు, యతికి భంగం లేదు, అర్థానికి అసలే లేదు.

పాఠకులకు ఒక మనవి. ఈ తీరంలో పాత ఫోర్ వీల్ జీపు బేరమాడబోయే ముందు చేతిలో చిన్న సుత్తి ఉంచుకోండి. బండి కింద దూరి, వెనక షాకిళ్ల దగ్గర చాసిస్‌ను కొట్టి చూడండి. ఖంగుమంటే బేరం సాగించండి. రేకులు రాలితే, టైర్లు ఎంత కొత్తవైనా వదిలేసి ఇంటికి రండి.