సగం కథకు నిండు టికెట్

మొన్నటి సినిమా గురించి కొత్తగా చెప్పేదేముంది? మీరు చూడకపోయినా మీ ఫోను చూపించే ఉంటుంది. సినిమా సంగతి సరే, అది చూసి బయటికొచ్చిన ప్రేక్షక మహాశయుడికి మాత్రం పాదాభివందనం. తెల్లవారుజాము ఆట వదిలారు. మెడలో కండువా, నుదుట బొట్టు, కళ్లనిండా నిద్ర. మూతి కిందికి మైకు వచ్చింది.

“ఎలా ఉందన్నా సినిమా?”

“గూస్‌బంప్స్!”

“కథ?”

“గూస్‌బంప్స్ అన్నా!”

“క్లైమాక్స్?”

“అది పార్ట్ టూలో ఉంది. వెయిటింగ్ అన్నా!”

ఆ మాటతో చొక్కా చెయ్యి పైకి లాగి, నిక్కబొడుచుకున్న వెంట్రుకలు కెమెరాకి సాక్ష్యంగా చూపించాడు. విమర్శ అయిపోయింది. సెలూన్లో సగం గడ్డం గీసి, “మిగతాది రెండేళ్ల తర్వాత” అంటే డబ్బులిచ్చి చప్పట్లు కొట్టి వస్తామా? సినిమా హాల్లో మాత్రం వస్తాం.

ఇదంతా బాహుబలి పెట్టిన భిక్ష అంటారు. కట్టప్ప ఎందుకు చంపాడో తెలుసుకోవడానికి 2015 జులై నుంచి 2017 ఏప్రిల్ దాకా కాచుకున్న మాట నిజమే. కానీ ఆ మొదటి భాగంలో కాలకేయుడితో యుద్ధం మొదలైంది, ముగిసింది కూడా. మనవాళ్లు దాని నుంచి యుద్ధం నేర్చుకోలేదు, ఆపడం ఒక్కటే నేర్చుకున్నారు. ఇంకో తమాషా చూడండి. ఆ రెండు భాగాల్నీ 2025 అక్టోబరు 31న ఒక్క సినిమాగా కుట్టి మళ్లీ వదిలారు. నాలుగు గంటలు కూడా పట్టలేదు. అంటే ఆ కథ ఒక్క టికెట్లో ఇమిడేదేనన్నమాట!

కల్కి సంగతి మరీ విడ్డూరం. 2024 జూన్లో వచ్చింది. బిడ్డ ఇంకా కడుపులోనే ఉన్నాడు. ఆ బిడ్డను మోస్తున్న తల్లి పాత్ర వేసిన దీపిక రెండో భాగంలో ఉండదని 2025 సెప్టెంబరులో నిర్మాతలే ప్రకటించారు. అవతారం ఎత్తక ముందే అమ్మ మాయం! మన గూస్‌బంప్స్ సోదరుడు దానికీ వెయిటింగే.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. 1951లో పాతాళభైరవి వచ్చింది. తోటరాముడు రాకుమారిని ప్రేమించాడు. మాంత్రికుడు వాణ్ని బలివ్వబోయి తానే బలైపోయాడు, మళ్లీ లేచాడు, పాతాళభైరవి బొమ్మనూ రాకుమారినీ ఎత్తుకుపోయాడు, చివరికి ఓడాడు. తోటరాముడు గెలిచి ఇల్లు చేరాడు. అంతా మూడు గంటల పైచిలుకులో! ఇవాళైతే మాంత్రికుడు లేచి కూర్చోగానే తెర నల్లబడేది. పింగళి, కె.వి.రెడ్డి పాపం అమాయకులు. ప్రేక్షకుడు డబ్బిచ్చాడు కాబట్టి కథ పూర్తిచేసి పంపాలనుకున్నారు. పదేళ్ల తర్వాత జగదేకవీరుని కథ తీసినా అదే చాదస్తం.

నవ్వులాట చాలు. ఇది మోసం. మా ముందు వరసలో ఒక చిన్నపిల్ల వాళ్ల నాన్నని అడిగింది: “రాక్షసుడు చచ్చాడా నాన్నా?” “వచ్చే సినిమాలో చస్తాడమ్మా.” “ఎప్పుడొస్తది?” ఆయన ఫోను తీసి టైము చూసుకున్నాడు. ఇంకేం చేస్తాడు? నలుగురికి టికెట్లు, పాప్‌కార్న్, పార్కింగు కలిపి ఆయన కట్టింది పూర్తి సినిమా డబ్బులు. పెద్ద సినిమా అనగానే మొదటి వారం రేట్లు పెంచుకోమని జీవోలొస్తాయి. సగం కథకి సగం రేటని ఏ జీవోలోనూ ఉండదు. అడగాల్సినవాడు అడగడు. అడిగితే “నువ్వు యాంటీ ఫ్యానువా?” అంటారు. దేవుడి సినిమా అయితే మరీ కష్టం, గ్రాఫిక్స్ బాగోలేదన్నా నాస్తికుడైపోతాం.

ఇక చెవులు పగిలే మంత్రఘోష, ప్రతివాడికీ ఒక యూనివర్స్, ఇంటర్వెల్ కాకముందే ఇచ్చేసే రేటింగు... వాటి జోలికి పోను, బీపీ ఉంది.

నిర్మాతలకు ఒక్కటే మాట. రెండో భాగం తీసుకోండి, పదో భాగం తీసుకోండి, మీ డబ్బు, మీ ఇష్టం. కానీ ఇది సగమేనని పోస్టరు మీద హీరో పేరంత అక్షరాలతో వేసి, టికెట్టు సగానికి అమ్మండి. ప్రేక్షక సోదరా, ఈసారి మైకు మీ ముందుకొస్తే వెంట్రుకలు చూపించకండి. “మిగతా కథేదయ్యా?” అని అడగండి.