కొవ్వేశ్వర్రావు గారి కొత్త మతం

ఆయన అసలు పేరు మనకనవసరం. విశాఖపట్నం గాజువాకలో చూస్తే శ్రీనగర్‌లో ఒకాయన, పాత గాజువాకలో ఇంకొకాయన, ఆటోనగర్‌లో వర్క్‌షాపుకొకాయన చొప్పున ఉన్నారు కాబట్టి అందరికీ కలిపి కొవ్వేశ్వర్రావు అని పెట్టేసుకుందాం. వయసు నలభై అయిదు దాటింది, యాభై అయిదు ఇంకా రాలేదు. స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం, కాదంటే ప్లాంట్‌లో కాంట్రాక్టు, అదీ కాదంటే ప్లాంటు వాళ్లకి పోర్షన్లు అద్దెకివ్వడం. చొక్కా మూడో బొత్తానికీ నాలుగో బొత్తానికీ మధ్య బనియన్ తొంగి చూస్తూ ఉంటుంది. ఆ బొత్తాం ఎన్నాళ్ల నుంచో ఆయనకి నోటీసులిస్తోంది. ఆయన మాత్రం దర్జీదే తప్పంటాడు.

డైట్ చెయ్యడం కష్టమని లోకం అనుకుంటుంది గానీ, కొవ్వేశ్వర్రావుకి అసలు కష్టం మొదలుపెట్టడంలోనే ఉంది. జనవరి ఒకటో తారీఖున మొదలెట్టేద్దామనుకుంటాడు. రెండు వారాల్లో సంక్రాంతి. అత్తారింటి అరిసెలు వద్దంటే మర్యాదగా ఉండదు. సరే, ఉగాది అనుకుంటాడు. ఉగాది వెళ్లగానే బంగినపల్లి బజార్లోకి దిగుతుంది. మామిడిపండు తినకుండా ఎండాకాలం గడపడానికి తానేమైనా పాపం చేశాడా? పోనీ వినాయక చవితి. లంకా గ్రౌండ్స్‌లో మేడంత వినాయకుణ్ణి నిలబెట్టి, తాపేశ్వరం నుంచి లడ్డూని టన్నుల లెక్కన లారీలో దింపించిన ఊరిది. ఆ తాపేశ్వరం వాళ్లే 2016లో 29,465 కిలోల లడ్డూ చేసి గిన్నిస్ పుస్తకంలోకెక్కారు. అంత లడ్డూ ముందు దండం పెట్టి, చేతిలో పెట్టిన ముక్కని వద్దనే ధైర్యం ఎవరికుంది? ప్రసాదానికి కేలరీలుండవని ఆయన ఆ పూటకో శాస్త్రం కనిపెడతాడు.

చివరికి ఓ ముహూర్తం కుదురుతుంది. సాధారణంగా అది ఎవరో తోటి ఉద్యోగి బొత్తాలన్నీ హాయిగా పెట్టుకుని డ్యూటీకొచ్చిన మర్నాడు. "రేపట్నుంచి కీటో" అని ఇంట్లో ప్రకటిస్తాడు. అంటే అన్నం బంద్, కొవ్వు ముద్దు. ఆ రాత్రి జరిగేది చూడాలి. ఇంట్లో ఉంటే నోరూరుతుంది గనక మాడుగుల హల్వా డబ్బా ఖాళీ చెయ్యాలి. ఫ్రిజ్‌లో దోసెల పిండి పారబొయ్యడం అన్నానికి అవమానం గనక దోసెలు తినెయ్యాలి. రేపటి నుంచి కనిపించదు గనక జంక్షన్ నుంచి బిరియానీ ఒకటి తెప్పించాలి. మర్నాడు పొద్దున్న మిషన్ ఎక్కితే రెండు కిలోలు ఎక్కువ చూపిస్తుంది. దాన్నే ప్రారంభ బరువుగా డైరీలో రాసుకుంటాడు. తెలివంటే అదీ.

ఇది ఆయనకి మొదటి మతం కాదన్న సంగతి ఇక్కడ చెప్పాలి. ఒకప్పుడు మంతెన సత్యనారాయణ రాజు గారి ఉపన్యాసాలు విని ఇంట్లో ఉప్పు జాడీ, నూనె సీసా రెండూ అటకెక్కించాడు. చుక్క నూనె లేని కూరలు తిని ఇంటిల్లిపాదీ వైరాగ్యంలో పడ్డారు. తర్వాత విజయవాడ నుంచి వీరమాచనేని రామకృష్ణ గారి గాలి వీచింది. 2017, 18 ప్రాంతాల్లో ఆ గాలి తగలని తెలుగు ఇల్లు తక్కువ. రోజుకి 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, రెండు మల్టీవిటమిన్ మాత్రలు. ఇవే నాలుగు స్తంభాలు. టీవీల్లో ఆయన ఒకవైపు, డాక్టర్లు ఒకవైపు కూర్చుని వాదించుకుంటుంటే, కొవ్వేశ్వర్రావు అటక మీంచి నూనె సీసా దింపాడు. నిన్నటిదాకా విషమన్న సరుకు ఇవాళ తీర్థమైంది. ఇంటావిడ మాత్రం ఈ రెండు మతాల మధ్యా ఒక్కటే పోపుల డబ్బాతో నెట్టుకొచ్చింది.

బియ్యాన్ని వదలడం తెలుగువాడికి మామూలు సంగతి కాదు. కిలో రెండు రూపాయల బియ్యం మాట మీద 1983లో ప్రభుత్వమే మారిపోయిన రాష్ట్రం మనది. కీటోలో రోజంతటికీ కలిపి పిండిపదార్థం 20 నుంచి 50 గ్రాములు దాటకూడదంటారు. వండిన అన్నం వంద గ్రాముల్లోనే 28 గ్రాములుంటుంది. అంటే పెరుగన్నం దాకా వెళ్లే ప్రశ్నే లేదు, పప్పన్నంలోనే రేషన్ అయిపోతుంది.

ఇక కొబ్బరినూనె. మలయాళీ ఇంట్లో దాంతో చేప వేయిస్తే ఎవరూ కన్నెత్తి చూడరు. మన ఇంట్లో దాని చోటు అద్దం పక్కన, దువ్వెన దగ్గర. కొవ్వేశ్వర్రావు మొదటి రోజు పొద్దున్నే చిన్న స్టీలు గ్లాసులో రెండు చెంచాలు పోసుకుని, ముక్కు మూసుకుని గుటకేశాడు. పల్లె నుంచి వచ్చి ఉన్న వాళ్లమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఏట్రా నాయినా, తలకి రాసుకున్నది తాగేస్తన్నావేటి?"

"ఇది డైటే అమ్మా."

"డైటో గియిటో నాకు తెల్దు గానీ, కడుపులో జుట్టు మొలిసీగల్దు, సూసుకో!"

ఆవిడ అనుమానాన్ని తేలిగ్గా తీసిపారెయ్యకండి. కొబ్బరినూనె తలకా పొట్టకా అన్న వివాదం పన్ను లెక్కల కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చిన్న సీసాల్లో అమ్మే స్వచ్ఛమైన కొబ్బరినూనె, తలనూనె అని ముద్ర వేసి అమ్మితే తప్ప, వంటనూనే అని 2024 డిసెంబరులో తీర్పొచ్చింది. వంటనూనెకి అప్పటి జీఎస్టీ 5 శాతం, తలనూనెకి 18. కొవ్వేశ్వర్రావు ఆ వార్త కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించాడు. వాళ్లమ్మకి చదువు రాదు. వచ్చినా ఆవిడ తీర్పు మారేది కాదు.

వారం తిరిగేసరికి ఆయనకి జ్ఞానోదయం అవుతుంది. స్టీల్ ప్లాంట్‌లో మూడు బ్లాస్ట్ ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. మనవాడి డ్యూటీ అన్నపూర్ణ దగ్గర. ఎనిమిది గంటలు అన్నపూర్ణ సేవలో గడిపి బయటికొచ్చి అన్నం విషమని చెప్పడం ఈయనకే చెల్లింది. షిఫ్టు దిగి, గేటు బయట టీ కొట్టు దగ్గర పంచదార లేని బ్లాక్ టీ పట్టుకుని ఇలా మొదలెడతాడు.

"చూడు గురూ, ఒళ్లంటే ఫర్నేసే. నువ్వు రోజూ పైనుంచి అన్నం అనే కోక్ దింపుతున్నావు. అది దొరుకుతున్నంతసేపూ లోపలున్న కొవ్వు నిల్వ జోలికి ఎవడూ పోడు. కోక్ ఆపెయ్. అప్పుడు స్టాక్ యార్డులోంచి తియ్యక ఛస్తుందా?"

పోలిక మరీ తప్పేం కాదు. పిండిపదార్థం బాగా తగ్గించేస్తే కాలేయం కొవ్వుని కీటోన్లుగా మార్చి మెదడు సహా ఒంటికి అందిస్తుంది. అయితే ఆయన చెప్పనిదొకటుంది. కాలేయంలోనూ కండల్లోనూ గ్లైకోజెన్ అనే పిండి నిల్వ ఉంటుంది. అది గ్రాముంటే దాన్ని పట్టుకుని మూడు గ్రాముల దాకా నీళ్లుంటాయి. డైట్ మొదలెట్టగానే ముందు ఖర్చయ్యేది ఆ నిల్వ, దాంతోపాటు ఆ నీళ్లు. మొదటి వారంలో పోయిన మూడు కిలోల్లో సింహభాగం బాత్రూమ్‌లోకి పోయిన నీరే. కొవ్వేశ్వర్రావు మాత్రం అది మూడు కిలోల కొవ్వేనని గాజువాక జంక్షన్ నుంచి కూర్మన్నపాలెం దాకా చాటింపు వేసేస్తాడు. నీళ్లతోపాటు ఉప్పూ పోతుంది గనక ఆ వారంలోనే తలనొప్పి, నీరసం, పిక్కలు పట్టెయ్యడం వస్తాయి. దీన్ని కీటో ఫ్లూ అంటారు. ఆయన దాన్ని "విషాలు బయటికి పోతున్నాయి" అంటాడు. ఆ వారం విషాలన్నీ భార్య మీదికే పోయాయి.

తర్వాతి ఘట్టం మెడికల్ షాపులో మొదలవుతుంది. కీటోన్ స్ట్రిప్పులని చిన్న డబ్బా కొంటాడు. మూత్రంలో ముంచితే గులాబీ నుంచి ఊదా దాకా రంగు మారుతుంది. ముదురు ఊదా వచ్చిన రోజు ఆయన ఆనందం అపార్ట్‌మెంట్ మొత్తానికి తెలియాలి. స్ట్రిప్ ఫోటో తీసి రెసిడెంట్స్ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అంతకుముందే లిఫ్ట్ మరమ్మతు చందా గురించి సెక్రటరీ పెట్టిన మెసేజ్ కింద అది పడింది. రెండు రోజులు గ్రూపులో ఎవరూ ఏమీ రాయలేదు. లిఫ్ట్ ఇంకా బాగు పడలేదు.

ఆయన కళ చూడాలంటే మాత్రం విందులోనే చూడాలి. ఆ మధ్య షీలానగర్‌లో ఒక గృహప్రవేశానికి వెళ్తే, సాయంత్రం డిన్నర్లో నా పక్క కుర్చీ ఆయనదైంది. ప్లేటు నిండా మటన్ బిరియానీ పెట్టించుకున్నాడు. నేను ఆశ్చర్యపోయేలోపే పని మొదలైంది. ముందు ముక్కని పైకి తీశాడు. టిష్యూ కాగితం మీద పెట్టి, దానికంటుకున్న మెతుకుల్ని చూపుడువేలి గోటితో ఒక్కొక్కటీ విడదీశాడు. ఎముక సందులో ఇరుక్కున్న మెతుకుని తియ్యడానికి టూత్‌పిక్ వాడాడు. అలా నాలుగు ముక్కలు శుభ్రం చేసేసరికి అవతల పంక్తి లేచిపోయింది. వడ్డించే కుర్రాడు బకెట్ పట్టుకుని వచ్చి, అన్నం గుట్ట చూసి, "ఏటి సార్, ఉప్పు తక్కువైందేటి?" అన్నాడు. అంతే, ఆ కుర్రాడికి అరగంట ఇన్సులిన్ మీద ఉపన్యాసం. పాపం, వాడు పొద్దుట్నుంచీ ఏమీ తినలేదని తర్వాత తెలిసింది.

అన్నట్టు, ఆవకాయ పూర్తిగా కీటోనే. నూనె, ఆవపిండి, కారం, ఉప్పు, పుల్ల మామిడి. ఏ నియమానికీ అడ్డు రాదు. ఇది కనిపెట్టిన రోజు ఆయన చిన్నపిల్లాడిలా గెంతాడు. కలుపుకోడానికేం లేదని ఓ నిమిషం తర్వాత గుర్తొచ్చింది. కాలీఫ్లవర్ కోరి ఉడికించి అదే అన్నమనుకోమని ఇంట్లో చెప్పాడు. అందులో ఆవకాయ కలిపి ఒక్క ముద్ద పెట్టుకున్నాక కంట్లో నీళ్లు తిరిగాయి. కారం వల్ల అన్నాడు.

ఇంటావిడ గురించి ఈ కథలు రాసేవాళ్లెవరూ రాయరు గానీ, డైటంతా ఆవిడ చేతుల మీదే నడుస్తుంది. ఆయనకి పనీరు, గుడ్లు, వంజరం వేపుడు. అత్తగారికి చోడంబలి, ఉల్లిపాయ. పిల్లలకి అన్నం, పప్పు. తనకి, వీళ్లందరి దగ్గరా మిగిలినది. ఓ రోజు మెట్ల దగ్గర కనిపించి "అన్నయ్యగారూ, కీటోకి మనుషులు చిక్కుతారంటే నేను నమ్మలేదు. నిజమేనండీ" అంది. ఆవిడ నాలుగు కిలోలు తగ్గింది.

ఇదంతా కొత్త వింతేం కాదు. 1863లో లండన్‌లో విలియం బాంటింగ్ అనే పెద్దమనిషి, వంగి బూటు లేసు కట్టుకోలేనంత లావై, డాక్టరు సలహా మీద రొట్టె, చక్కెర, బంగాళాదుంప మానేసి ఏడాదిలో సుమారు 20 కిలోలు తగ్గాడు. వృత్తి రీత్యా అంత్యక్రియలు జరిపించేవాడు. తగ్గి ఊరుకోలేదు, సొంత డబ్బుతో పుస్తకం అచ్చేయించి ఉచితంగా పంచాడు. కొవ్వేశ్వర్రావుల వంశానికి ఆయనే మూలపురుషుడు. వాట్సాప్ లేదు గనక లండన్ బతికిపోయింది. 'కీటోజెనిక్' అన్న పేరు మాత్రం 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో రస్సెల్ వైల్డర్ పెట్టాడు. అది బరువు కోసం కాదు, మూర్ఛ వచ్చే రోగుల కోసం. మందులకి లొంగని మూర్ఛ ఉన్న పిల్లలకి ఇప్పటికీ ఈ ఆహారం ఇస్తారు, గ్రాముల లెక్కన తూచి, డాక్టర్ల కనుసన్నల్లో. గృహప్రవేశాల్లో కాదు.

పతనం ఎప్పుడూ వాన రోజునే. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి రోడ్లన్నీ చెరువులైన ఒక సాయంత్రం, బండి మీద మిరపకాయ బజ్జీ నూనెలో తేలుతోంది. "నూనేగా, కీటోనే" అన్నాడు. మొదటిదానికి పై పొర తీసేశాడు. రెండోదానికి సగం తీశాడు. మూడో బజ్జీ మీద శనగపిండి పొరా, దాంతోపాటు సిద్ధాంతమూ కడుపులోకి వెళ్లిపోయాయి. మర్నాడు దాన్ని చీట్ డే అన్నాడు. కొన్నాళ్లకి వారంలో కీటో డే ఒకటి మిగిలింది. ఏడాది తిరిగేసరికి కీటోకీ, బుద్ధిగా చేసిన మిగతా డైట్లకీ బరువు తేడా పెద్దగా మిగలదని అధ్యయనాలు చెబుతూనే ఉన్నాయి. ఈయనకి ఏడాది దాకా అక్కర్లేకపోయింది. ఈమధ్య చిరుధాన్యాలు తినమనే ఖాదర్ వలి గారి వీడియోలు చూస్తున్నాడు. ఇంట్లోకి కొర్రలు, సామలు, అరికెలు దిగాయి. చోడంబలి తాగే వాళ్లమ్మ మొహంలో గెలిచిన కళ ఉంది.

నవ్వుకున్నది చాలు, ఒక్క మాట గట్టిగా చెప్పాలి. కొవ్వేశ్వర్రావు పక్కింటాయనకి షుగర్ ఉంటే "ఆ మాత్రలన్నీ అవతల పారెయ్" అనే అలవాటుంది. అది మాత్రం వినొద్దు. షుగర్ మాత్రలు వేసుకుంటూ అన్నం ఒక్కసారిగా మానేస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. పేరు చివర 'గ్లిఫ్లోజిన్' అని ఉండే మందులు వాడేవాళ్లకీ, ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లకీ కీటోన్లు హద్దు మీరి ప్రాణం మీదికి రావచ్చు. గ్లిఫ్లోజిన్ వాడేవాళ్లలో షుగర్ రీడింగ్ మామూలుగా ఉన్నా అలా జరగొచ్చు. కిడ్నీ జబ్బున్నవాళ్లూ, గర్భిణులూ డాక్టర్ని అడక్కుండా ఇటు రావొద్దు. మిగతావాళ్లు మీ ఇష్టం. ఆయన్ని విందుకి పిలిస్తే మాత్రం కేటరింగ్ వాళ్లతో ముక్కలు నాలుగు ఎక్కువ వెయ్యమనండి, వడ్డించే కుర్రాళ్లకి ముందే భోజనం పెట్టించండి.