పుటప్ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: "పుట్ అప్ విత్ ప్రీవియస్ పేపర్స్."

అవతారిక: సర్కారు కచేరీల్లో నోట్ ఫైలు మార్జినులో, తరచు ఆకుపచ్చ సిరాతో, వెలసే సూత్రమిది. కర్త అధికారి. శ్రోత జూనియర్ అసిస్టెంటు. ఛందస్సు గద్యం; యతి స్థానంలో పొట్టి సంతకం.

ప్రతిపదార్థం: ప్రీవియస్ = పూర్వపు; పేపర్స్ = కాగితముల; విత్ = తోడుగా; అప్ = పైకి, అనగా నా బల్ల మీదికి; పుట్ = పెట్టుము.

తాత్పర్యం: ఓయీ గుమాస్తా! ఈ వ్యవహారం తాలూకు పాత ఫైలు బీరువాలోంచి తీసి, దుమ్ము దులిపి, కావలసిన పుటలకు ఫ్లాగులు పెట్టి, నోటు రాసి సమర్పించుము.

విశేషాలు: ఇక్కడ ఇంగ్లీషు వైయాకరణులు ఆక్షేపిస్తారు. 'పుట్ అప్ విత్' అంటే వారి వాడుకలో ఓర్చుకోవడం. ఆ లెక్కన సూత్రార్థం 'పాత కాగితాలను భరించుము' అవుతుంది. సమాధానం: అధికారి రాసింది మొదటి అర్థంలో, గుమాస్తా అనుభవించేది రెండో అర్థంలో. కనుక శ్లేష.

సంస్కృతంలో ఉపసర్గ మారితే ఒకే ధాతువు ప్రహారం, ఆహారం, సంహారం, విహారం, పరిహారం అవుతుంది. ఉపసర్గ ధాతువుకు ముందే ఉండాలన్నాడు పాణిని. వేదంలో వెనకాల వచ్చినా, ఎడంగా ఉన్నా చెల్లునన్నాడు. ఇంగ్లీషువారికి రోజూ ఈ ఆర్షప్రయోగమే. 'పుట్ ఆఫ్' వాయిదా, 'పుట్ అవుట్' ఆర్పడం. వాయిదా వేసేటప్పుడు సర్వనామం నడుమ దూరి 'పుట్ ఇట్ ఆఫ్' కావాలి. 'పుట్ ఆఫ్ ఇట్' అపశబ్దం. ఓర్పు దగ్గర మాత్రం నడుమ ఎవరూ దూరరాదు: 'పుట్ అప్ విత్ ఇట్'.

విదేశీయులను అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేవి ఇలా వెనక చిన్నమాట తగిలించుకున్న క్రియలేనని శామ్యూల్ జాన్సన్ 1755 నాటి నిఘంటువు పీఠికలోనే చెప్పాడు. 'ఫ్రేజల్ వెర్బ్' అన్న పేరు 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ పుస్తకంతో వ్యాప్తిలోకొచ్చింది. ఆ పేరు సూచించింది హెన్రీ బ్రాడ్లీ అని స్మిత్ మాట. గుర్తించడానికీ పేరు స్థిరపడడానికీ మధ్య 170 ఏళ్లు. ఆ ఫైలు మన కచేరీకి రానే లేదు.

ప్రయోగం: "నా ఫైలు పుటప్ చేశారాండీ?" "ఎప్పుడో చేశాం. సారు క్యాంపులో ఉన్నారు."

ఫలశ్రుతి: ఈ టీక పఠించిన గుమాస్తాకు పాత ఫైలు బీరువా అడుగునైనా దొరుకును. దొరకనిచో 'నాట్ ట్రేసబుల్' అని రాసి మళ్లీ పుటప్ చేయవలెను. బయట బెంచీ మీది అర్జీదారుకు రెండో అర్థమే శరణ్యం.