పద్నాలుగు రోజుల పంతులు

మన ఆంధ్రాలో మొన్నమొన్నటిదాకా వలంటీర్ అంటే ఒకటో తారీఖున తలుపు తట్టి పింఛను చేతిలో పెట్టే కుర్రాడు. నెలకు 5 వేలు గౌరవ వేతనం. పరాయి దేశంలో వలంటీర్ కావాలంటే మనమే ఎదురు డబ్బు కట్టాలి. రెండు వారాలకు నేను 45 వేలు కట్టాను, విమానం టికెట్టు కాక. ఖాట్మండూ శివార్లలో ఒక పిల్లల ఆశ్రమంలో ఇంగ్లీషు చెప్పి వచ్చాను. ‘‘ఆ డబ్బేదో అక్కడి టీచరమ్మకే జీతంగా ఇస్తే, నువ్వొచ్చేశాక కూడా చెబుతుంది కదా’’ అంది మా ఆవిడ. చెబుతుంది, నిజమే. కానీ అప్పుడు ఫొటోలో టీచరమ్మ ఉంటుంది, నేనుండను.

వెళ్లాలనుకునేవాళ్లు పాఠం చెప్పడం వచ్చా రాదా అని బెంగపెట్టుకోవద్దు. మా ఊరి బడిలో రెండో తరగతికి చెప్పాలన్నా డీఎడ్, టెట్, డీఎస్సీ అని ప్రాణం తీస్తారు. నేపాల్ వెళ్లడానికి మనకు వీసా కూడా అక్కర్లేదు, ఓటరు కార్డు చాలు. అయితే మా ఊరి బడిలోనే సెలవుల్లో ఓ గంట చెప్పొచ్చుగా అంటారా? పెరటి చెట్టు మందుకు పనికొస్తుందా! అమెరికా పాస్‌పోర్టుతో వచ్చిన మా అక్క కూతురికి మాత్రం చిన్న చిక్కు వచ్చింది. టూరిస్టు వీసా మీద జీతం లేని పని కూడా చేయకూడదట. విమానాశ్రయంలో ‘ట్రెక్కింగ్’ అని చెప్పమన్నాను. కాలేజీ దరఖాస్తులో రాసే వ్యాసంలో నిజాయితీ గురించి ఎటూ ఒక పేరా ఉంటుంది, లెక్క సరిపోతుంది.

ఆశ్రమం వాళ్లు పోలీసు సర్టిఫికెట్ తెమ్మన్నారంటే అనుమానించండి. మీ మీద నమ్మకం లేని చోట సేవేమిటి? నన్నెవరూ ఏమీ అడగలేదు. ఆన్‌లైన్‌లో డబ్బు పడిందన్న మెసేజ్ చూపించాను, పిల్లల పడకగది దాకా తీసుకెళ్లి చూపించారు.

ఊరి ఎంపిక గురించి మీరు శ్రమపడక్కర్లేదు. నేపాల్లో 77 జిల్లాలున్నా, పిల్లల ఆశ్రమాల్లో ఎక్కువ భాగం ఖాట్మండూ, లలిత్‌పూర్, భక్తపూర్, చిత్వన్, పోఖరా ఉన్న కాస్కీ, ఈ అయిదింటిలోనే ఉన్నాయి. అనాథలు ఎంత ఆలోచనాపరులో చూడండి! విమానాశ్రయం, ఫేవా సరస్సు, ఖడ్గమృగాల అడవి, వైఫై ఉన్న చోటే పుట్టారు.

పుట్టారు అనకూడదేమో. చాలామందిని తీసుకొచ్చారట. 1996 నుంచి 2006 దాకా అక్కడ అంతర్యుద్ధం జరిగింది. హుమ్లా లాంటి కొండ జిల్లాల్లో మావోయిస్టులు పిల్లల్ని దళాల్లో చేర్చుకుంటారన్న భయం ఉండేది. దళారులు ఆ ఊళ్లకెళ్లి, రాజధానిలో బోర్డింగ్ బడిలో వేస్తామని నమ్మించి, పొలాలు అమ్మించి మరీ డబ్బు తీసుకుని పిల్లల్ని దింపుకొచ్చారు. తర్వాత కాగితాల మీద వాళ్ల అమ్మానాన్నల్ని చంపేశారు. ఆశ్రమాల్లోని పిల్లల్లో కనీసం 85 శాతం మందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యునిసెఫ్ చెప్పింది. ఇలాంటివి చదవకండి. చదివితే ఏమవుతుందో కానర్ గ్రెన్నన్ అనే అమెరికా కుర్రాణ్ని చూడండి. 2004లో మనలాగే ముచ్చటపడి వలంటీర్‌గా వెళ్లాడు. పిల్లలతో ఆడుకుని వచ్చేయక, వాళ్ల ఫొటోలు పట్టుకుని హుమ్లా కొండలెక్కాడు. అమ్మానాన్నలు దొరికారు! పుణ్యానికి పోయి పని పెట్టుకోవడమంటే ఇదే. ఆస్ట్రేలియా వాళ్లదీ అదే చాదస్తం. 2017లో వాళ్ల పార్లమెంటు కమిటీ ఆధునిక బానిసత్వం మీద నివేదిక రాస్తూ, అనాథాశ్రమాల పేరిట జరిగే పిల్లల రవాణాకి ఏకంగా ఒక అధ్యాయమే కేటాయించింది. మనం ఎక్కాల పుస్తకం పట్టుకెళ్తుంటే బానిసత్వం అంటారేమిటో.

ఇక పాఠం. రంగులతో మొదలుపెట్టండి. నేనూ రంగులతోనే మొదలుపెట్టాను. ఎర్ర అట్టముక్క పైకెత్తేలోపే క్లాసంతా ఆరు రంగులూ వరసగా అప్పజెప్పేసింది. నేనింకా ఎత్తని అట్టల రంగులు కూడా! తల, భుజాలు తాకుతూ పాడే పాట ఎత్తుకుందామని నోరు తెరిచాను, అప్పటికే అందరి చేతులూ తలల మీదున్నాయి. నాకు ముందు వచ్చినవాళ్లు, వాళ్లకు ముందు వచ్చినవాళ్లు కూడా అక్కడే మొదలుపెట్టి అక్కడే ఆపారన్నమాట. బడి గట్టి పునాది మీద ఉందని సంతోషించాను. ‘టుడే’ని ఒకడు ఆస్ట్రేలియా వాడిలా ‘టుడై’ అంటాడు, ఇంకొకతె స్పెయిన్ యాసలో అంటుంది. రెండు జడల పిల్ల ఒకతి, ఎనిమిదేళ్లుంటాయి, నన్ను చూసిన పది నిమిషాలకే ఒళ్లో కూర్చుంది. కొత్తవాళ్లెవరొచ్చినా ఇలా అల్లుకుపోవడం మంచి లక్షణం కాదని పిల్లల డాక్టర్లు అంటారు గానీ, వాళ్లకు అసూయ. ఆ పిల్ల తప్పు లేకుండా పలికిన మొదటి ఇంగ్లీషు వాక్యం: ‘‘హౌ మెనీ వీక్స్, సర్?’’ రెండు, అన్నాను. తలూపింది.

బహుమతులివ్వండి. న్యూ రోడ్‌లో పన్నెండు జతల బూట్లు కొన్నాను. పిల్లలు తొడుక్కున్నారు, ఫొటో తీశాను. మూడో రోజుకు మళ్లీ అందరూ అరిగిన ప్లాస్టిక్ చెప్పుల్లో ఉన్నారు. దశైన్ పండక్కి దాచామన్నాడు మేనేజరు. ఎంత పొదుపు! నా తర్వాత వచ్చిన జర్మనీ అమ్మాయి ఆ చెప్పులు చూసి కళ్లనీళ్లు పెట్టుకుని, సాయంత్రానికల్లా బూట్లు కొనుక్కొచ్చింది. ఒక్క జత చెప్పులు ఇంత సేవ చేయించగలవని నేనెరగను.

భాష మాత్రం నేర్చుకోవద్దు. నేపాలీ రాకపోవడం నన్నెంత కాపాడిందో చెబుతాను. పదో రోజు గేటు దగ్గర ఒకావిడ నిలబడింది. కాళ్ల నిండా దుమ్ము, చేతిలో గుడ్డమూట. రెండు జడల పిల్ల నా చేయి విదిలించుకుని ‘‘ఆమా!’’ అని పరుగెత్తింది. మేనేజరు అడ్డంగా వెళ్లి ఆవిడతో ఏదో అన్నాడు. ఆవిడా ఏదో అంది, చాలాసేపు అంది. చివరికి మూట లోపలికొచ్చింది, ఆవిడ రాలేదు. మూటలో మొక్కజొన్న పేలాలు. నాకూ గుప్పెడు పెట్టారు. ‘‘ఆమా అంటే?’’ అని అడిగాను. ‘‘పెద్దవాళ్లనందరినీ అలాగే పిలుస్తారు’’ అన్నాడు. మరే, మా వైపు కూడా కూరగాయల ఆవిణ్నయినా అమ్మా అనే కదా అంటాం. నమ్మాను. పిల్ల ఆ రోజు క్లాసుకు రాలేదు. రంగులు ఎలాగూ వచ్చు కాబట్టి పట్టించుకోలేదు.

వచ్చేసే రోజు గోడ మీద రంగుతో అరచేయి అచ్చు వేయండి, మంచి చోటు కావాలంటే స్టూలు తెప్పించుకోండి. మళ్లీ ఏడాది తప్పకుండా వస్తానని అందరితో చెప్పండి, ఖర్చేమీ లేదు. నేను ఆ మాట చెబుతుండగా రెండు జడల పిల్ల నోటుపుస్తకం చివరి పేజీ తెరిచి పెన్సిలిచ్చింది. నన్ను రాయమంటోందనుకున్నాను. కాదు, స్పెల్లింగ్ చెప్పమంది. తనే రాసుకుంది. పైన పద్దెనిమిది పేర్లున్నాయి, ఒక్కోదాని పక్కన వారాల లెక్క. నా పేరు పందొమ్మిదోది, పక్కన 2. పొడుగు పేరే అయినా ఒక్క అక్షరం తప్పు పోలేదు. పద్నాలుగు రోజుల్లో ఇంగ్లీషు అంత బాగా వచ్చేసింది.