కండువా వేసుకోని కార్యకర్తలు

ప్రభుత్వోద్యోగికి రాజకీయం నిషిద్ధం. 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఈ విషయంలో మహా ఖచ్చితం. పార్టీ సభ్యత్వం కూడదు, చందా కూడదు, ప్రచారం కూడదు. రాజకీయ వాసన ఉందని రవ్వంత అనుమానం వచ్చినా ఆ సంస్థ గడప తొక్కకూడదు. ఓటు వేసుకోవచ్చు గానీ ఎవరికి వేశాడో పెదవి విప్పకూడదు. కేంద్రం వారైతే ఒంటి మీద, బండి మీద, ఇంటి మీద ఎన్నికల గుర్తు కనిపించినా అది ప్రచారం కిందికే వస్తుందన్నారు. మన ఉద్యోగి ఏం చేస్తాడు పాపం! నెత్తిన ఫ్యాను తిరుగుతుంటుంది, వసారాలో సైకిలుంటుంది, టీ తాగడానికి గ్లాసు కావాలి. అన్నీ అటకెక్కించినా చెయ్యి మిగులుతుంది.

నియమం ఇంత గట్టిది గనకే మనవాళ్లు కార్తీకమాసంలో వనభోజనాలు కనిపెట్టారు. మాచర్ల దాటి ఎత్తిపోతలకు వెళ్లండి. చంద్రవంక డెబ్బై అడుగుల ఎత్తునుంచి మడుగులోకి దూకుతుంటుంది. అలాంటి చోట ఉసిరి చెట్టు కింద కులానికో పందిరి. ఇంజనీరుగారు షామియానా ఖర్చు భరిస్తారు, మాస్టారు మైకు పట్టుకుంటారు, మండలాఫీసు గుమాస్తా పులిహోర వడ్డిస్తాడు. ముఖ్య అతిథిగా వచ్చేది మాత్రం, కాకతాళీయంగా, ఎమ్మెల్యే. 'మనవాడు పైకొస్తే మనమందరం పైకొచ్చినట్టే' అని ఆయన సెలవిస్తే, నియమావళి కంఠతా వచ్చిన చేతులే ముందుగా చప్పట్లు కొడతాయి. రాజకీయ వాసనా? ఛ, అది గోంగూర వాసన.

ఢిల్లీవాళ్లకు ఈ కిటుకు తెలియడానికి ఆలస్యమైంది. ఉద్యోగులు ఆర్‌ఎస్‌ఎస్ కార్యక్రమాల్లో పాల్గొనకూడదని 1966లో పెట్టిన ఆంక్షను 2024 జులై 9న ఒక్క మెమోతో ఎత్తేశారు. యాభై ఎనిమిదేళ్లుగా వస్తున్న వాసన ఒక కాగితంతో పోయింది. అంతటి అగరుబత్తి ఇంకెక్కడా దొరకదు.

ఇక తటస్థతకు పరాకాష్ఠ చూడాలంటే పాల్వాయి గేటు పోవాలి. రెంటచింతల మండలం, మాచర్ల నియోజకవర్గం. 2024 మే 13న పోలింగ్ కేంద్రంలో అప్పటి ఎమ్మెల్యే పిన్నెల్లి రామకృష్ణారెడ్డి ఈవీఎంను ధ్వంసం చేయడం వెబ్‌కెమెరాకు చిక్కిందని ఎన్నికల సంఘమే చెప్పింది. మొదట పెట్టిన కేసులో మాత్రం నిందితులు 'గుర్తుతెలియని వ్యక్తులు'. 2009 నుంచి వరసగా గెలుస్తూ, గోడగోడకూ ఫ్లెక్సీగా వేలాడిన మనిషిని మాచర్లలో ఎవరూ పోల్చుకోలేదట! గుర్తు ప్రదర్శించకూడదన్నారు కదా, మనవాళ్లు గుర్తుపట్టడం కూడా మానేశారు. విధేయత అంటే అదీ. పక్షపాతం లేని సాక్షిగా ఆ గదిలో కెమెరా ఒక్కటే మిగిలింది; అది సర్వీసు నిబంధనలు చదువుకోలేదు, దానికి బదిలీ భయమూ లేదు. వీడియో ఊరంతా చూశాక ఆ కేంద్రం ప్రిసైడింగ్ అధికారి (పీవో), ఆయన సహాయకుడు (ఏపీవో) సస్పెండయ్యారు. జిల్లా ఎస్పీ సస్పెన్షనూ, కలెక్టరు బదిలీ అంతకుముందే అయిపోయాయి.

ఆ పీవో చూసింది చూసినట్టు అప్పుడే రాసి ఉంటే? మరుసటి బదిలీల్లో ఎవరి దగ్గరికి పోవాలి? నియమావళి ప్రకారం పోస్టింగు కోసం పైరవీ చేయించడం కూడా తప్పే. కానీ ఎమ్మెల్యే సిఫార్సు లేఖ లేకుండా మంచి సీటు దక్కుతుందని ఏ జిల్లాలోనైనా ఒక జూనియర్ అసిస్టెంటు చేత ప్రమాణం చేయించండి చూద్దాం. ఐదేళ్లు ఆ లేఖ కోసం గుమ్మంలో నిలబడ్డవాణ్ణి పోలింగు నాడు ఒక్క రోజు మాత్రం వెన్నెముకతో రమ్మంటే ఎక్కణ్ణుంచి తెస్తాడు? రాజకీయం వాడి జోలికి రాకూడదన్న నియమం మాత్రం ఏ పుస్తకంలోనూ రాయలేదు.

జూన్ 4న ఫలితాలొచ్చాయి. ఎమ్మెల్యే మారాడు, లెటర్‌హెడ్డు మారింది, ఆఫీసు గోడల మీద ఫొటోలు మారాయి. గుమ్మం ముందు క్యూ మాత్రం అదే, అందులో మొహాలూ అవే. లేఖ చేతికందాక వచ్చే ఉత్తర్వులో రాజకీయం ఊసే ఉండదు, 'పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా' అని ఉంటుంది.