పెరిగిన సంసారము - అడుగని పునాది

సంసారము పెరిగినది గనుక మేడయు పెరుగవలెనను వాదము విన్నవారి కెవ్వరికిని కాదనుటకు నోరు రాదు. ఏలయన, అందు కొడుకు పెండ్లి కలదు, కోడలికొక గది కలదు, రేపు పుట్టబోవు మనుమని ఊయెల కలదు, వృద్ధులైన తలిదండ్రుల మంచము కలదు. ఇన్ని పుణ్యకార్యములను ముందుంచుకొని గృహస్థుడొక శ్లాబు వేసికొందునన్నప్పుడు వలదనువాడు మనుష్యమాత్రుడు కాడు, రాక్షసుడు. ఈ వాదము మహిమ ఎంతటిదో తెలిసికొనదలచినవారు ఢిల్లీలో యమున దాటి, తూర్పుగట్టుననున్న లక్ష్మీ నగర్‌కు పోయి చూడవలెను.

మెట్రో స్టేషను మెట్లు దిగి ఏ గల్లీలో ప్రవేశించినను ఆకాశము జానెడు వెడల్పున మాత్రమే కనబడును. నేలమీద మర్యాదగా ఎడముగా నిలిచిన ఇండ్లు పైకి పోయినకొలది సజ్జలు చాచి, ఆ సజ్జలకు గోడలు కట్టి గదులు చేసికొని, మూడవ అంతస్తునకు వచ్చునప్పటికి ఒకరి వంటయింటి పోపునకు ఎదుటి పడకగదిలోనివారు తుమ్మునంత బంధుత్వము కలుపుకొనును. కొన్న భూమి ఏబది గజములే. కాని ఆకాశమును గజములలో కొలిచి అమ్మినవాడెవడు?

డాబాలమీదికి చూడుడు. ప్రతి పిల్లరు నెత్తిమీదను నాలుగైదు ఇనుపచువ్వలు మూరెడెత్తున నిక్కి యుండును. వానికి తీగ కట్టి బట్టలారవేయుదురు. వానలకు త్రుప్పుపట్టి ఎఱ్ఱని చారలు గోడల వెంబడి దిగుచుండును. అవి మరచిపోయి వదలినవి కావు. పుట్టబోవు అంతస్తునకు ముందుగా చేసియుంచిన సంకల్పములు. పదేండ్లు ఎండకు ఎండి వానకు నానిన ఆ చువ్వకే, సుముహూర్తమున, కొత్తచువ్వను బైండింగు తీగతో ముడివేసి, "పాతకాలపు ఇనుము, బాబూజీ, ఇప్పుడిట్టిది దొరకదు" అని మేస్త్రీ సెలవిచ్చును. గృహస్థుని ఛాతి రెండంగుళములు పొంగును.

శ్లాబు వేయుటకు ముందు జరుగు సంప్రదింపులను గూర్చి ఎవ్వరును తొందరపాటను నింద మోపజాలరు. పురోహితుని అడుగుదురు, ఆయన ముహూర్తము పెట్టును. వాస్తుపండితుని అడుగుదురు, నీళ్ల ట్యాంకు నైరృతి మూలనే యుండవలెనని ఆయన నిర్ణయించును, వేయి లీటర్ల నీరు టన్ను బరువు గదా, నైరృతి పిల్లరు దానిని మోయునా యను ప్రశ్న ఆ శాస్త్రమున లేదు. మామగారి నడుగుదురు, అప్పిచ్చును. ప్రక్కింటివాని నడుగుదురు, తానును వేయదలచియున్నవాడు గనుక అభ్యంతరము చెప్పడు. నోటీసు చేతబట్టి వచ్చినవానిని అడుగనక్కరలేదు, అతడే అడుగును. ఇందరి నడిగి, ఇందరిని తృప్తిపరచి, ఈ భారమునంతయు అహోరాత్రములు మోయవలసిన పునాదిని మాత్రము ఒక్కమాట అడుగరు. అది నోరులేనిది, దానికి తాంబూలమీయ నక్కరలేదు.

అడిగియుండినచో అది చెప్పదగిన లెక్క పెద్దది కాదు. ఏబది గజముల ఇంటికి ఐదంగుళముల మందమున వేసిన కాంక్రీటు శ్లాబొక్కటే సుమారు 13 టన్నులు తూగును. దానిమీద ఇటుకగోడలు, గచ్చు, బీరువాలు, ట్యాంకు చేరునప్పటికి 30 టన్నులు సులభముగా దాటును. క్రిందనున్నది యమున తెచ్చి పోసిన ఒండ్రునేల. భూకంప పటమున ఢిల్లీకి చిరకాలముగా నున్నది నాలుగవ మండలము. 2023 జులైలో యమున 208.66 మీటర్ల కెక్కి అంతకు ముందరి లెక్కలన్నిటిని ముంచి, తన పూర్వపు హద్దులు ఎంతవరకో నగరమునకు మరల చూపినది. రెండంతస్తులకని త్రవ్విన ఫుటింగు నాలుగింటిని మోయుచున్నదన్నచో అది ఇంజినీరింగు కాదు, కేవలము సౌజన్యము.

ఇంతకును ఆ పెరిగిన సంసారమెక్కడ? చార్టర్డ్ అకౌంటెన్సీ శిక్షణకు లక్ష్మీ నగర్ పెట్టినది పేరు. దేశపు నాలుగు మూలలనుండి విద్యార్థులు వత్తురు. మనుమని ఊయెలకని వేసిన గదిలో నెల తిరుగకమున్నే మూడు మంచములు, మూడు బల్లలు, మూడు అద్దెలు వెలయును. మనుముడు ఇంకను పుట్టవలసియే యున్నాడు. ఆ పిల్లలు రాత్రింబవళ్లు ఆడిటింగు పాఠములు వల్లించుచుందురు. తమ తలపైనున్న శ్లాబును ఆడిట్ చేసినవాడెవడో వారికి తెలియదు.

ప్రభుత్వమువారి దయార్ద్రతను గూర్చి చెప్పకున్న పాపము వచ్చును. ఢిల్లీలో అక్రమకట్టడములను కూల్చకుండ, సీలు వేయకుండ పార్లమెంటు 2006లో ఒక్క యేటికని రక్షణచట్టము చేసినది. అది పిమ్మట పలుమార్లు పొడిగింపబడి, 2011 చట్టమునకు 2023లో చేసిన సవరణతో 2026 డిసెంబరు 31 వరకు సాగినది. ఒక్క యేటి ప్రాణి ఇరువదేండ్లు బ్రదికినది! మనవారు మాత్రము తక్కువ తిన్నారా? ఉమ్మడి రాష్ట్రమున 2007లో అక్రమకట్టడములను రుసుముతో క్రమబద్ధము చేయు బి.పి.ఎస్. అను పాపవిమోచనపథకము పెట్టిరి. రాష్ట్రము రెండైన పిదప 2015లో ఇరువురును వేర్వేరుగా మరల పెట్టిరి. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల యన్న పెద్దలకు, కాలు కడుగు నీళ్లకు రుసుము వసూలు చేయవచ్చునను ఆర్థికరహస్యము తెలియలేదు. రుసుము కట్టినచో కాగితము క్రమబద్ధమగును, కాంక్రీటు కాదు.

"అయినచో మమ్ము ఇరుకున మ్రగ్గుమందురా?" అని నిజముగా సంసారము పెరిగిన సామాన్యుడు అడుగవచ్చును, వాని బాధ బాధయే. వానికి చెప్పవలసినది ఒక్కటే: శ్లాబునకు పెట్టు లక్షలలో కొన్ని వేలు మట్టి పరీక్షకును, పిల్లర్ల పరీక్షకును పెట్టి, స్ట్రక్చరల్ ఇంజినీరుచేత లెక్క కట్టించి, ఆయన కాదన్నచో కాదని నమ్ముము. కాని కాదను ఇంజినీరు కంటె అవునను మేస్త్రీ చవుక.

2010 నవంబరు 15 రాత్రి ఇదే లక్ష్మీ నగర్‌లో, లలితా పార్క్‌లో, అయిదంతస్తుల మేడ యొకటి నిలువున కూలినది. సుమారు 70 మంది చనిపోయిరి. అందు హెచ్చుమంది బెంగాలు, బీహారులనుండి పొట్టచేతబట్టుకొని వచ్చి గదికొక సంసారముగా అద్దెకున్న కూలీలు. ఆ యేటి యమున వరదకు సెల్లారులో నీరు చేరియుండెననియు, పైన అనుమతిలేని అంతస్తు చేర్చిరనియు నాటి పత్రికలు వ్రాసినవి. పైన బరువు, క్రింద నీరు: పునాది తన అభిప్రాయమును మొదటిసారి చెప్పినది. పిమ్మట విచారణసంఘము వచ్చినది, నోటీసులు వచ్చినవి. కొంతకాలమునకు శ్లాబులును మరల వచ్చినవి.

కనుక శాసనకర్తలకు నాదొక విన్నపము. ఈ గడువులును, రుసుములును అన్నియు కొట్టివేసి ఒక్క నిబంధన చాలునని వ్రాయుడు: అంతస్తు పెంచిన ప్రతి యజమానియు, ఎవరి పేరు చెప్పి పెంచెనో ఆ కొడుకు, కోడలు, మనుమలు, తలిదండ్రులతో సహా, పదునైదేండ్లు ఆ మేడ అడుగు అంతస్తుననే కాపురముండవలెను, అద్దెకిచ్చుట చెల్లదు. ఆ మరునాటినుండి లక్ష్మీ నగర్‌లో సంసారములు ఎంత వేగముగా తగ్గిపోవునో జనాభా లెక్కలవారు వచ్చి వ్రాసికొనవచ్చును.