దానకర్ణుల వీసా దుకాణం

2023లో తెలంగాణ గ్రూప్-4 పరీక్ష జరిగింది. 8 వేల చిల్లర కొలువులకు 9 లక్షలకు పైగా దరఖాస్తులు. జూనియర్ అసిస్టెంటు కుర్చీ కోసం ఎంటెక్ చదివినవాళ్లు స్టడీ హాల్లో నిద్ర ఆపుకుంటుంటే, ఆ హాలు బయట కరెంటు స్తంభం మాత్రం మరో లోకంలో ఉంటుంది. "దుబాయ్, కువైట్, సింగపూర్. ఖాళీలు 300. చదువు, అనుభవం అక్కర్లేదు. ఇంటర్వ్యూ లేదు. తిండి, రూము ఫ్రీ. వీసా గ్యారంటీ." కింద ఒక సెల్ నంబరు. ఇంత జాలిగుండె యజమానులు భూమ్మీద ఉన్నారని తెలియక మన పిల్లలు కరెంట్ అఫైర్స్ బట్టీ పడుతున్నారు!

ఈ దానకర్ణులకు ఒకటే ఇబ్బంది, చేతిలో చిల్లర ఉండదు. ఎడారిలో చమురు బావులున్న కంపెనీ, నెలకు లక్షన్నర జీతమంటూ ఆఫర్ లెటర్ పంపిన కంపెనీ, మీ వీసా ప్రాసెసింగుకు పాతికవేలు లేక మీ ఫోన్‌పే కోసం కళ్లలో ఒత్తులు వేసుకుని కూర్చుంటుంది. లెటర్ మీద బంగారు రంగు లోగో, గుండ్రటి స్టాంపు, అడుగున జీమెయిల్ అడ్రసు. వేలమందికి పని ఇచ్చే సంస్థకు సొంత మెయిలు పెట్టుకునే స్తోమత లేకపోయింది పాపం. డబ్బు వెళ్లే ఖాతా చూస్తే కంపెనీది కాదు, ఎవరో మనిషిది. అడిగితే "మేనేజర్ గారి తోడల్లుడు లెండి" అంటారు. చమురు కంపెనీలు కూడా కుటుంబ విలువలు పాటిస్తున్నాయన్నమాట.

ఈ దానధర్మాలకు అడ్డుపడే రసహీనులు ఢిల్లీలో ఉన్నారు. 1983 నాటి వలసల చట్టం ప్రకారం పనికోసం జనాన్ని బయటి దేశానికి పంపే ఏజెంటు విదేశాంగ శాఖ దగ్గర రిజిస్టరై ఉండాలి. సర్వీసు చార్జీ కింద 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. తీసుకున్నదానికి రసీదు ఇవ్వాలి. రిజిస్టరైన ఏజెంట్ల పేర్లు ఈ-మైగ్రేట్ సైట్లో ఎవరైనా చూసుకోవచ్చు. పదో తరగతి పాసవని వాళ్లు గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్సు ఉండాలి. అంటే జీతమెంత, యజమాని ఎవరు, ఒప్పందం ఉందా అని ఒక ఆఫీసరు అడుగుతాడు. ఎంత అమర్యాద!

అందుకే మన దానకర్ణుడు విజిట్ వీసా కనిపెట్టాడు. "తమ్మీ, విజిట్ మీద పో. ఆడ దిగినంక కంపెనీ వీసా కొట్టిస్తరు. ఎయిర్‌పోర్టుల అడిగితే టూరిస్టునని చెప్పు." బోరు ఎండిపోయి, అప్పు తీరక, మూడు రూపాయల వడ్డీకి లక్షలు తెచ్చినవాడు ఒక్కసారిగా బుర్జ్ ఖలీఫా చూడాలని ముచ్చటపడ్డ టూరిస్టవుతాడు. గడువు దాటాక అదే మనిషిని అక్కడి మనవాళ్లు ఖల్లివల్లి అంటారు. కాగితం లేదు, జీతానికి పూచీ లేదు, పోలీసు కనిపిస్తే సందులోకి పరుగు. ఏజెంటు ఫోన్ స్విచాఫ్. ఊళ్లో అతని తరఫున డబ్బు వసూలు చేసిన సబ్ ఏజెంటుకూ ఏమీ తెలియదు. చట్టం దృష్టిలో సబ్ ఏజెంటు అనే జీవే లేదు కాబట్టి, లేనివాడికి ఏం తెలుస్తుంది?

చదువులేక మోసపోయారని నిట్టూర్చే పెద్దమనుషులు ఒకసారి విశాఖ వైపు చూడాలి. సింగపూర్‌లో డేటా ఎంట్రీ పని అని నమ్మి వెళ్లిన కుర్రాళ్లు కంబోడియాలో తేలిన సంగతి 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. కంప్యూటరు తెలిసినవాళ్లే, కంప్యూటరు పని కోసమే వెళ్లారు. పాస్‌పోర్టులు లాక్కుని, దొంగ ప్రొఫైళ్లు చేతికిచ్చి, మన దేశంలోని మనుషులనే ఫోన్లో దోచమన్నారు. మీ బాబాయికి కొరియర్లో డ్రగ్స్ దొరికాయని బెదిరింపు కాల్ వచ్చిందనుకోండి, అవతలి గొంతు గాజువాక కుర్రాడిది కావచ్చు. కాదంటే తిండి బంద్, కొట్టుడు. మయన్మార్ సరిహద్దులోని మ్యావడిలోనూ ఇదే వ్యాపారం. 2025 మార్చిలో ఆ ప్రాంతం నుంచి 500 మందికి పైగా మన వాళ్లను వాయుసేన విమానాల్లో తేవాల్సి వచ్చింది. రానూపోనూ విమానయోగం, గ్యారంటీ అన్న మాట తప్పలేదు!

అత్యాశకు పోయారు, అనుభవించారు అనేవాళ్లూ ఉన్నారు. ప్లాటు రెండేళ్లలో రెట్టింపవుతుందని ఊరి బయట తుప్పలు కొన్నవాళ్లే ఎక్కువగా అంటారు ఈ మాట.

ఇక శిక్ష. రిజిస్ట్రేషన్ లేకుండా ఈ వ్యాపారం చేస్తే 1983 చట్టంలో రెండేళ్ల దాకా జైలు, 2,000 రూపాయల దాకా జరిమానా. అక్షరాలా రెండు వేలు. చీటింగ్ సెక్షన్లు వేరే ఉన్నాయి లెండి, కానీ ఈ అంకె మాత్రం ఫ్రేము కట్టించి ఏజెంటు గదిలో లక్ష్మీదేవి పక్కన పెట్టుకోదగ్గది. ఒక్క క్లయింటుకు తాగించే చాయ్‌బిస్కెట్లతో కలిపినా ఆయనకది ఖర్చు పద్దులో రాసుకునేంత పెద్దది కాదు.

కేసు పడితే ఆయనకు కష్టం బోర్డు పెయింటరు దొరకడమే. మ్యాన్‌పవర్ అన్నచోట తెల్లరంగు కొట్టి ఓవర్సీస్ కన్సల్టెన్సీ అని రాయిస్తాడు. దుబాయ్ పోస్టరు చించి పోలండ్ పోస్టరు అంటిస్తాడు. కుర్చీలు అవే, లక్ష్మీదేవి అదే. లోపలికి అడుగుపెట్టినవాణ్ని అడిగే మొదటి ప్రశ్న కూడా అదే: "పాస్‌పోర్టు తెచ్చినవా తమ్మీ?"